సిగ్నల్ పడింది, గేటు పడింది: పలాస–ఇచ్ఛాపురం లైనులో రైల్వే పలుకుబడి

తెలుగులో రైల్వే పరిభాష అనే ప్రశ్న లేచినప్పుడల్లా చర్చ నామవాచకాల దగ్గర మొదలై నామవాచకాల దగ్గరే ముగియడం ఆనవాయితీగా వస్తోంది. రైలును ధూమశకటమన్న పండితులూ, పొగబండి అంటే చాలునన్న వ్యావహారికవాదులూ, స్టేషను, టిక్కెట్టు, సిగ్నలు ఎటూ తెలుగైపోయాయి గనుక కొత్త మాటలు కల్పించే పని లేదని తేల్చినవారూ, వాదాలు వేరైనా, వెతికింది మాత్రం ఒకే చోట. అక్కడ దొరికేవి అరువుమాటలే కాబట్టి రైల్వే కార్మికుల భాషలో తెలుగు పాలు స్వల్పమని తేల్చడం సులువైపోయింది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానాన్ని ఆనుకుని పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా సాగే మార్గంలో పనిచేసేవారి మాటతీరును గమనిస్తే, తెలుగు ఈ పరిభాషలోకి చొరబడింది పేర్ల ద్వారా కాదనీ, క్రియల ద్వారా అనీ తెలుస్తుంది. వస్తువు పేరు ఇంగ్లీషుదో హిందుస్థానీదో అయినా, ఆ వస్తువు ఏం చేసిందో, దానితో మనిషి ఏం చేశాడో చెప్పే మాట దాదాపు ఎప్పుడూ తెలుగే.

ఈ భాష ఇలా రూపుదిద్దుకోవడానికి ఆ మార్గం పాలన చరిత్ర కొంత కారణం. కటకం, బెజవాడల మధ్య కోస్తా వెంబడి ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–1896 మధ్య దశలవారీగా తెరుచుకుంది. కొద్ది ఏళ్ళకే దాన్ని రెండుగా పంచారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందాయి. ఈ రెండవ సంస్థనే జనం బి.ఎన్.ఆర్. అన్నారు. అందువల్ల టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతాల తెలుగువాడు రైల్వేలో చేరితే అతడి పై అధికారి కూర్చునేది మద్రాసులో కాదు, కలకత్తాలో. 1944 అక్టోబరు 1న ప్రభుత్వం బి.ఎన్.ఆర్.ను స్వాధీనం చేసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగా విడివడింది. ఈ మార్పులన్నిటిలోనూ కేంద్రం కలకత్తాను వదలలేదు. 2003 ఏప్రిల్ 1న భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే పనిచేయడం మొదలైన తరువాతే ఆ బంధం తెగింది.

బి.ఎన్.ఆర్. తన పెద్ద కర్మాగారాన్ని ఖరగ్‌పూర్‌లో కట్టడం ఈ భాష కథలో రైలుమార్గమంత ముఖ్యమైన విషయం. ఉత్తరాంధ్ర నుంచి కూలికీ, తరువాత ఖాయం ఉద్యోగానికీ వెళ్ళిన కుటుంబాలు అక్కడి నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి పేటల్లో స్థిరపడి, బెంగాల్ నడిబొడ్డున ఒక తెలుగు పట్టణభాగాన్నే నిలబెట్టాయి. ఉద్దానం మనిషికి దూరదేశపు కూలి అంటే ఒకప్పుడు రంగం, అనగా బర్మా. రెండవ దారి ఖరగ్‌పూర్. అక్కడ బెంగాలీ, హిందుస్థానీ, ఒడియా, తెలుగు ఒకే షెడ్డులో కలిసి పనిచేశాయి. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా బి.ఎన్.ఆర్. కార్మికులు చేసిన సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు కావడం, ఇన్ని భాషల శ్రామికులు ఒక్క సంఘం కింద నిలవడం కాకతాళీయాలు కావు. పనిలో పంచుకున్న మాటలు అప్పటికే ఒక ఉమ్మడి భాషకు పునాది వేశాయి.

ఆ ఉమ్మడి భాషలో హిందుస్థానీ పొర ముందుగా గమనించదగినది. ఖలాసీ అనే మాట అరబ్బీ మూలం గలది. వలస పాలన నాటి వాడుకలో అది డేరాలు వేసేవాడినీ, భూమి కొలిచే గొలుసు పట్టేవాడినీ, ఓడ పనివాడినీ కూడా సూచించి, చివరకు రైల్వేలో బరువు పనులు చేసే సహాయకుడి హోదాగా నిలిచింది. ఓడ మీద తాళ్ళతో, కప్పీలతో బరువులెత్తే నేర్పే నదుల మీద గర్డరును ఎత్తి కూర్చోబెట్టడానికీ కావాలి గనుక వంతెనల విభాగంలో ఖలాసీ అనే పేరు ఎంతో కాలం చెక్కుచెదరలేదు. బారువ, కళింగపట్నం రేవులున్న తీరంలో ఈ మాట ఎవరికీ కొత్తగా తోచి ఉండదు. పడవ నాయకుడిని తండేలు అనే ప్రాంతమిది. సముద్రపు పని పదజాలం ఇక్కడ రైలుకట్ట కంటే పాతది. మేస్త్రీ, జమాదారు, పానా, భత్తా వంటివి ఇదే పొరకు చెందుతాయి. వీటిలో పానా, నట్లు బిగించే పనిముట్టు, సైకిలు షాపు దాకా పాకి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగనంతగా తెలుగైంది.

రెండవ పొర ఇంగ్లీషు. అది రెండు తోవల్లో దిగింది. ఒకటి రూల్‌బుక్కు తోవ. లైన్ క్లియర్, బ్లాక్ సెక్షన్, కాషన్ ఆర్డర్ వంటి మాటలను ఎవరూ అనువదించలేదు. అనువదిస్తే ప్రమాదం గనుకనే అనువదించలేదనడం న్యాయం. ఒక స్టేషను నుంచి పక్క స్టేషను దాకా ఉన్న లైను ముక్క బ్లాక్ సెక్షన్. అందులోకి బండిని పంపేందుకు పక్క స్టేషను ఇచ్చే అనుమతి లైన్ క్లియర్. ఫోనులోనో బ్లాక్ యంత్రం మీదనో ఇద్దరు స్టేషను మాస్టర్ల మధ్య జరిగే ఈ వ్యవహారంలో ఒకరిది తెలుగు, ఒకరిది ఒడియా అయినప్పుడు, ఇద్దరి సొంతభాషకూ చెందని మాటే ఇద్దరికీ క్షేమం. రెండవది పనిచోటి తోవ. గ్యాంగుమేను, కీమేను, గేటుమేను వంటి రూపాలు చెవిన పడి నోట నలిగినవి. ఇంగ్లీషులో మనిషి అనే అర్థమున్న ప్రత్యయం తెలుగులో మేను అయి, శరీరమనే అర్థాన్ని సంతరించుకోవడం కేవలం ధ్వనిసామ్యమే అయినా, సమ్మెట, గునపం, కంకర తట్టతో బతికిన ఉద్యోగానికి అది తప్పుపేరు కాదు. ఇప్పుడు స్త్రీలు కూడా గేట్ల దగ్గరా గ్యాంగుల్లోనూ పనిచేస్తున్నారు గనుక మనిషి కంటే మేనే నయమని వాదించవచ్చు.

మూడవ పొర అయిన తెలుగు క్రియల దగ్గర కొంత నిలవాలి. పాత పద్ధతి సిగ్నలు ఒక స్తంభం, దానికొక చెయ్యి. చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే పోవచ్చు. దీన్నే సిగ్నల్ పడింది అన్నారు. రైల్వే నిబంధనల భాషలో ఇదే సంగతి సామాన్యుడి ఊహకు ఎదురుగా ఉంటుంది. అక్కడ సిగ్నల్ ఆన్‌లో ఉందంటే ఆగమని, ఆఫ్ చేశారంటే పొమ్మని అర్థం. ఆగి ఉండడమే సిగ్నలుకు సహజస్థితి అనీ, పొమ్మనడం అనే సడలింపు బండి బండికీ విడివిడిగా ఇవ్వవలసినదనీ ఆ మాటల వెనుక ఉన్న సూత్రం. ఇంటి దీపానికి ఆన్, ఆఫ్ నేర్చుకున్నవాడికి ఈ జంట తికమక పుట్టిస్తుంది. చెయ్యి వాలడాన్ని కంటితో చూసి పుట్టిన తెలుగు మాటలో ఆ తికమక లేదు.

అదే పడు అనే క్రియ లెవెల్ క్రాసింగు దగ్గర వేరే పని చేస్తుంది. గేటు పడింది అంటే రోడ్డు మీద జనం ఆగిపోయారని అర్థం. సిగ్నల్ పడితే బండి కదులుతుంది, గేటు పడితే ఎడ్లబండీ ఆటో ఆగుతాయి. ఈ రెండు పడడాలకూ యంత్రసంబంధం ఉంది. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటులో రోడ్డు మూతపడి తాళం పడనిదే రైలుకు సిగ్నల్ రాదు, సిగ్నల్ ఇచ్చి ఉండగా గేటు తెరుచుకోదు. ఒకదాని కదలికను మరొకదాని స్థితితో బిగించే ఈ ఏర్పాటును వివరించడానికి రూల్‌బుక్కుకు పేరాలు పడతాయి. తెలుగులో ‘గేటు పడితేగాని సిగ్నల్ పడదు’ అంటే సరిపోతుంది. చేతుల సిగ్నళ్ళు పోయి రంగుదీపాలు వచ్చి ఏళ్ళయింది. ఇప్పుడు పడడానికి అక్కడ ఏదీ లేదు. అయినా క్రియ మిగిలింది. చిత్రమేమంటే నగరాల చౌరస్తాల్లో సిగ్నల్ పడింది అంటే సాధారణంగా ఎర్రదీపం వెలిగిందనే. రైలుకు పొమ్మన్న మాటే రోడ్డుకు ఆగమన్న మాట అయింది. ఒకే భాషలో ఒకే వాక్యం పట్టాల మీద ఒక అర్థాన్నీ, తారురోడ్డు మీద దానికి సరిగ్గా వ్యతిరేకార్థాన్నీ మోయడాన్ని నిఘంటుకారులు ఇంకా పట్టించుకోవలసి ఉంది.

పడు ఒక్కటే కాదు. ఉద్యోగి డ్యూటీ ఎక్కుతాడు, డ్యూటీ దిగుతాడు. రూల్‌బుక్కు వీటిని సైన్ ఆన్, సైన్ ఆఫ్ అంటుంది. ఒంట్లో బాగాలేకపోతే సిక్ పెడతాడు. మరమ్మతు కోసం బళ్ళు నడవకుండా లైనును కొన్ని గంటలు తమ చేతికి తెచ్చుకోవడం బ్లాకు తీసుకోవడం. బ్లాక్ సెక్షన్‌లోని బ్లాకుకూ ఈ బ్లాకుకూ అర్థం వేరు, తేడా చెప్పేది పక్కనున్న తెలుగు క్రియే. చక్రానికి అతుక్కుపోయిన బ్రేకు వదలకపోతే బ్రేకు పట్టేసింది అంటారు. ఇటువంటి వాక్యాల్లో కర్త ఎప్పుడూ యంత్రమే. బ్రేకు పట్టేసింది, ఇంజను ఫెయిలైంది, బండి సిగ్నల్ దాటేసింది. ఎర్ర సిగ్నల్ దాటడాన్ని స్పాడ్ అనే పొడి అక్షరాలతో పిలిచే విచారణ నివేదిక దాటించిన మనిషి కోసం వెతుకుతుంది. కార్మికుడి వాక్యం తప్పును బండి మీద వేసి, తోటివాడిని కాస్త వెనక నిలుపుతుంది. ఇది వ్యాకరణం చేసే సహాయం, చిన్నదేమీ కాదు.

పట్టాల పని చేసేవారి పదజాలం ఇంకా చిక్కనైనది. కట్ట, కంకర, పట్టాలు, దిమ్మెలు కలిసి పర్మనెంట్ వే. లైను నిర్మించేటప్పుడు సామాను మోయడానికి వేసుకునే తాత్కాలిక పట్టాలకు భిన్నంగా నిలిచి ఉండేది కాబట్టి ఆ పేరు. ఆ శాశ్వతమార్గాన్ని రోజూ ఎవరో ఒకరు నడిచి చూసి బిగించకపోతే నిలవదు, ఆ నడిచేవాడే కీమేను. రెండు పట్టాల కొసలను కలిపే ఇనుప బద్ద ఫిష్ ప్లేటు. దీనికీ చేపకూ సంబంధం లేదు, విరిగిన ఓడకొయ్యకు ఆసరాగా కట్టే బద్దకు నావికులు వాడిన మాట అది. పట్టాను కర్రదిమ్మెకు దిగవేసే మేకు డాగ్ స్పైక్, దాని తల కుక్కతలలా ఉండేది. కాంక్రీటు దిమ్మెలు వచ్చాక ఆ మేకు స్థానంలోకి వంకర ఉక్కుకడ్డీ వచ్చింది. దాన్ని పెండ్రాల్ క్లిప్పు అంటారు. నార్వే ఇంజనీరు పాండె రోల్ఫ్‌సెన్ పేరు ముక్కలై, కంపెనీ పేరయి అలా ఈ తీరానికి చేరింది. దిమ్మెకు ఇంగ్లీషు పేరైన స్లీపరు మాత్రం నేడు ఎక్కువమంది తెలుగువారికి పడుకునే బెర్తు.

పట్టాలు వెల్డింగై పొడవుగా మారడంతో అతుకుల దగ్గర చక్రం చేసే లయ పోయింది. ట్యాంపింగ్ యంత్రం రావడంతో దిమ్మె కిందికి కంకరను కూరే బీటరు దెబ్బల వరుస తగ్గింది. ఆ దెబ్బలకు తాళంగా ఒకరు అందిస్తే మిగతావారు అందుకునే పనికేకలూ వాటితోనే సన్నగిల్లాయి. యంత్రం మింగిన పదసంపదలో వీటి లెక్క ఎవరూ తీయలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయం మీద 1962లో వచ్చింది, చేనేత మీద రెండవది 1971లో వచ్చింది. నాగలికీ మగ్గానికీ చేసిన పని గొప్పది. జీతం రాళ్ళ ఉద్యోగానికి, అందులోనూ అరువు పేర్లతో నడిచేదానికి, వృత్తి అనే గౌరవం దక్కకపోవడమే రైలుపని ఆ ఆలోచనలోకి రాకపోవడానికి కారణమై ఉండాలి.

తుఫాను రాత్రుల పరిభాష ఈ మార్గంలో ప్రత్యేకంగా బరువైనది. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ ఇదే తీరాన్ని ఊడ్చాయి. వానకాలం రాత్రులు కట్ట తెగిందేమో చూస్తూ నడవడం పెట్రోలింగ్. కట్ట తెగితే బండిని ఆపేందుకు పెట్రోల్‌మేను చేతిలో ఎర్రదీపం, జెండా, డిటోనేటర్లు ఉంటాయి. డిటోనేటరు అంటే చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించే రేకుబిళ్ళ. బ్రాడ్ గేజ్‌లో అడ్డంకికి 600 మీటర్ల దూరాన బ్యానర్ జెండా, 1,200 మీటర్ల దూరాన పది పది మీటర్ల ఎడంలో మూడు డిటోనేటర్లు పెట్టాలి. దీన్ని పుస్తకం లైను ప్రొటెక్షన్ అంటుంది.

బండి నడిపేవారి పలుకుబడిలో అంకెలది పైచేయి. వేగం తగ్గించవలసిన చోట్లు రాసి ఇచ్చే కాగితం టి/409, చెడిపోయిన సిగ్నలును దాటడానికి ఇచ్చే రాత అనుమతి టి/369(3బి). ఆ అంకెలే పేర్లుగా చలామణీ అవుతాయి. ఇంటికి వచ్చి తలుపు తట్టి, కాల్‌బుక్కులో సంతకం తీసుకుని డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ ఒకప్పుడు రైల్వే కాలనీల నడిరాత్రి శబ్దం. నెరిసిన తలవాడైనా బాయ్‌గానే ఉండేవాడు. ఫోను ఆ ఉద్యోగాన్ని తుడిచింది. ఉద్యోగులు నిబంధనల ప్రకారమే పని అనే నిరసన చేపట్టినప్పుడు బళ్ళు ఆలస్యం కావడం లోకానికి తెలిసిందే. పుస్తకభాషను అక్షరాలా పాటిస్తే రైలు మందగిస్తుందనీ, రోజువారీ రైలును నడిపేది కుదించిన మాటలూ సైగలూ అనీ దానివల్లనే రుజువవుతుంది.

పైనుంచి వచ్చే నామకరణాలకు ఈ భాష పెద్దగా లొంగలేదు. డ్రైవరు లోకో పైలట్ అయ్యాడు, గ్యాంగుమేను ట్రాక్ మెయింటైనర్ అయ్యాడు, 2016 రైల్వే బడ్జెట్ కూలీని సహాయక్ చేసింది, 2022 జనవరిలో గార్డు ట్రైన్ మేనేజర్ అయ్యాడు. గౌరవం పెంచాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. అయినా పొట్టి హోదాను పొడుగు చేస్తే నోరు ఒప్పుకోదు, ప్లాట్‌ఫారం మీద ఇప్పటికీ గార్డే.

నోటిమాట బలానికి ఈ మార్గం పక్కనే మరో సాక్ష్యం ఉంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి పర్లాకిమిడి రాజు వేయించిన రెండున్నర అడుగుల నేరోగేజి లైను 1900 ఏప్రిల్ 1న తెరుచుకుంది. తరువాత గుణుపూర్ దాకా పొడిగిన ఈ లైను 2004లో గేజి మార్పిడి కోసం మూతపడే వరకు నడిచింది. ఆ రైలు పర్లాకిమిడి చేరిన నాటికి అక్కడ ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి కొండల్లోని సవరల భాషను నేర్చి దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చే పనిలో ఉన్నాడు. పనిచేసేవాడి నోటిమాటే భాషకు ప్రమాణమన్న వాదానికి గట్టి సాక్ష్యం సవర కొండల్లో ఉన్నంతగా నౌపడ ఉప్పు ఎగుమతయ్యే ప్లాట్‌ఫారం మీద కూడా ఉండేది.

రైల్వే మాటలు ప్రయాణికుడి నోట అర్థం మార్చుకోవడం మరొక అధ్యాయం. బోగీ అంటే నిజానికి పెట్టె కింద చక్రాలున్న చట్రం, తెలుగులో అది పెట్టె మొత్తమైంది. ఔటర్‌లో ఆపేశారని విసుక్కునే ప్రయాణికుడి బండి నేడు ఆగేది హోమ్ సిగ్నల్ దగ్గర, ఔటర్ సిగ్నలు పాత పద్ధతితోనే పోయింది. లైట్ ఇంజను అంటే తేలికైన ఇంజను కాదు, పెట్టెలు లేకుండా ఒంటరిగా పోయేది. పత్రికల తెలుగు రైల్వే నుంచి ఇంకా ధారాళంగా తీసుకుంది. పథకాలు పట్టాలెక్కుతాయి, పట్టాలు తప్పుతాయి, మంత్రులు పచ్చజెండా ఊపుతారు, పదవులకు లైన్ క్లియర్ అవుతుంది, ప్రాధాన్యం లేని పోస్టుకు మారిన అధికారి లూప్‌లైన్‌లో పడతాడు. లూప్‌లైను స్టేషనులో ఒక బండిని పక్కకు తప్పించి మరొకదానికి దారి ఇచ్చే తోవ, అందులోకి సాధారణంగా గంటకు 30 కిలోమీటర్ల వేగంతోనే వెళ్ళాలి. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్‌లో అప్ మెయిన్ లైనుకు సిగ్నల్ పడిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ అప్ లూప్‌లైన్‌లోకి దూసుకుపోయి నిలిచి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. 290 మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ప్రమాదం తరువాత కొన్ని వారాలు ఆ మాట ఉపమానంగా పనికిరాకుండా పోయింది. తరువాత మళ్ళీ అధికారుల బదిలీ వార్తల్లోకి వచ్చేసింది. పనిలో పనిగా, ఈ మార్గంలో హౌరా నుంచి చెన్నై వైపు పోయేది అప్, తిరుగు దిశ డౌన్ అని కూడా అప్పుడే చాలామందికి తెలిసింది.

పరిభాషలో చివరిదీ, అన్నిటికంటే మొండిదీ ఊళ్ళ పేర్ల పొర. రోడ్ అని చివర ఉన్న స్టేషను, ఆ ఊళ్ళో కాక ఆ ఊరికి పోయే దారిలో ఉందని అర్థం. మందస రోడ్ అటువంటిదే, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ అటువంటిదే. సోంపేట స్టేషను కంచిలిలో ఉన్నా రోడ్ తగిలించుకోలేదు గనుక ఈ నియమం అంత నమ్మదగినది కాదు. పలాస దగ్గర రెండు డివిజన్లు కలుస్తాయి. దక్షిణాన పాత వాల్తేరుది, ఉత్తరాన ఇచ్ఛాపురం మీదుగా ఒడిశాలోకి ఖుర్దా రోడ్‌ది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించి, 2025 ఫిబ్రవరిలో డివిజన్ల హద్దులు తేల్చినప్పుడు వాల్తేరు డివిజన్ విశాఖపట్నం డివిజన్‌గా పేరు మారింది, పలాస హద్దు మాత్రం కదలలేదు. వాల్తేరు స్టేషను అంతకు చాలాముందే, 1987లో, విశాఖపట్నమైంది, దాని సంకేతాక్షరాలూ మారాయి. శ్రీకాకుళం రోడ్‌కు ఆ యోగం పట్టలేదు. ఇచ్ఛాపురం ఐ.పి.ఎం., పలాస పి.ఎస్.ఎ. అని తమ పేర్లనే కుదించి రాసుకుంటుండగా, ఆమదాలవలసలో దిగే ప్రయాణికుడి టిక్కెట్టు మీద నేటికీ సి.హెచ్.ఇ. అని అచ్చవుతుంది. అది ఊరి పేరు చికాకోల్ అయిన కాలంలో, చికాకోల్ రోడ్ స్టేషనుకు పెట్టిన గుర్తు.